గట్టు మీద చెప్పులు

నరసరావుపేటలో పద్నాలుగేళ్ళుగా పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. జీలకర్ర బెల్లం దగ్గర ఏ పాట వేయాలో, తలంబ్రాలప్పుడు ఎంత స్లో మోషన్ పెట్టాలో, అప్పగింతల్లో ఎవరి కన్నీళ్ళు ఎంతసేపు చూపించాలో చేతికి అలవాటైపోయింది. ఆ అలవాటే నా మొదటి లఘుచిత్రంలోకి కూడా వచ్చి కూర్చుంది. ఆ సంగతి గ్రహించేసరికి ఏడాదిన్నర గడిచింది. ఈలోగా తొమ్మిది చలనచిత్రోత్సవాలు నా సినిమాను వద్దన్నాయి.

ముందు కథ చెప్పాలి. మా ఊరిది బోర్ల వ్యవసాయం. నా చిన్నతనంలో మోటార్లకు త్రీ ఫేజ్ కరెంటు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేది. ఏ ఒంటి గంటకో, రెండు గంటలకో. మోటారు షెడ్డు ముందు మూడు చిన్న బల్బులు వేలాడేవి, ఒక్కో ఫేజుకు ఒకటి. మూడూ వెలిగితేనే మోటారు వేయాలి; రెండే వెలిగినప్పుడు వేస్తే కాలిపోతుంది. రైతులు మంచం మీద నుంచే చీకట్లో ఆ బల్బులకేసి చూస్తూ పడుకునేవారు. మా వీధిలో ఒకాయన అలా లేచి వెళ్ళి తిరిగి రాలేదు. తడి కాళ్ళతో స్టార్టరు ముట్టుకున్నాడు. తెల్లారి నాన్న వెంట నేనూ వెళ్ళాను. ఆయన చెప్పులు గట్టు మీద జతగా, గుడి ముందు విడిచినట్టు పొందికగా ఉన్నాయి. మడిలోకి దిగేటప్పుడు విడిచాడు. మధ్యలో కరెంటు పోయి మళ్ళీ వచ్చింది. మోటారు వేయబోయే ముందు మళ్ళీ తొడుక్కోవడం మరిచిపోయాడు. నాకప్పుడు పదకొండేళ్ళు.

ఆ రాత్రినే ‘త్రీ ఫేజ్’ అన్న పేరుతో సినిమాగా తీశాను. 2024 ఫిబ్రవరిలో నాలుగు రాత్రుల షూటింగ్. రైతుగా మా మేనమామ నటించాడు. ఆయనకు నటన తెలియదు, చీకట్లో గట్టు మీద నడవడం తెలుసు. నాకు కావలసింది అదే. ఇంట్లోంచి వినిపించే భార్య గొంతు మా అత్తయ్యది. ఆమెకు ఉన్నది ఒకే మాట: “ఏమయ్యా, చెప్పులు వేసుకున్నావా?” మా వైపు బోరున్న ప్రతి ఇంట్లోనూ వినబడిన మాట అది.

ఎడిటింగ్ పూర్తయ్యేసరికి సినిమా 23 నిమిషాలయింది. అందులో ఏముందో ఇప్పుడు నిజాయితీగా చెబుతాను. మొదట్లో తెల్లవారే పొలాల మీద డ్రోన్ షాట్లు. తర్వాత కూతురి పెళ్ళి అప్పు గురించి ఒక సన్నివేశం. మామయ్య నడుస్తుంటే వెనక వేణువు. ఆయన చనిపోయాక ఇంటి ముందు ఏడుపులు, దాని మీద ఒక పూర్తి పాట. చివర నల్ల తెర మీద కరెంటు షాకుతో చనిపోతున్న రైతుల గురించి నాలుగు వాక్యాలు. మా ఊళ్ళో వేసినప్పుడు అందరూ ఏడ్చారు. ఆయన్ను ఎరిగిన మనుషులు వాళ్ళు. వాళ్ళ కన్నీళ్ళకు కారణం నా సినిమా కాదని నాకు అప్పుడు తోచలేదు.

అదే ఏడాది మే నెలలో కాన్ ఉత్సవంలో విద్యార్థి చిత్రాల విభాగమైన లా సినెఫ్‌లో మొదటి బహుమతి చిదానంద నాయక్‌కు వచ్చిందన్న వార్త చూశాను. మైసూరు అబ్బాయి, చదివింది వైద్యం, తర్వాత పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. ఒక ముసలావిడ ఊరి కోడిపుంజును ఎత్తుకుపోతే ఆ ఊళ్ళో తెల్లారడమే మానేస్తుంది; కన్నడ జానపదంలోంచి తీసుకున్న కథ, సినిమా 16 నిమిషాలు. పక్క రాష్ట్రపు పల్లె కథ, అదీ రాత్రి కథ, ఫ్రాన్సు దాకా వెళ్ళింది. నాదీ వెళ్తుందని గట్టిగా నమ్మాను.

ఉత్సవాలకు పంపడం ఎలాగో తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఫిలిం ఫ్రీవే వంటి వేదికలో ఖాతా తెరిచి సినిమా ఎక్కించాలి. లింకుకు పాస్‌వర్డు పెట్టాలి. కథను రెండు వాక్యాల్లో ఒకసారి, ఒక పేరాలో ఒకసారి రాయాలి. దర్శకుడి మాట, ఫొటోలు, సాంకేతిక వివరాలు ఇవ్వాలి. చాలా ఉత్సవాలు రుసుము తీసుకుంటాయి; ముందుగా పంపితే తక్కువ, గడువు దగ్గరపడేకొద్దీ ఎక్కువ. నిడివి నిబంధన ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆస్కార్ లెక్కలో పేర్లతో కలిపి 40 నిమిషాల దాకా లఘుచిత్రమే. కాన్ పోటీలో 15 నిమిషాలు దాటకూడదు. ఆస్కార్ జాబితాలో ఉన్న ఉత్సవంలో అర్హత ఇచ్చే బహుమతి గెలిస్తే థియేటర్లో ఆడకపోయినా ఆ పోటీకి పంపుకోవచ్చు. మనకు దగ్గర్లో బెంగళూరు లఘుచిత్రోత్సవం ఆ జాబితాలో ఉంది. జాతీయ అవార్డులకు మాత్రం సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి.

ఇంకొకటి. సినిమాను యూట్యూబులో పెట్టేశాక కొన్ని ఉత్సవాలు తీసుకోవు. తెలుగులో మనం లఘుచిత్రం తీసిన మర్నాడే యూట్యూబులో పెడతాం. అందులో తప్పేమీ లేదు, ఆ దారిలోనే మంచి దర్శకులు వచ్చారు. తరుణ్ భాస్కర్ లఘుచిత్రాలు తీసి, తర్వాత ‘పెళ్ళి చూపులు’తో జాతీయ అవార్డు అందుకున్నాడు. కానీ ఆ దారి వల్ల మనలో ఒక ఆలోచన స్థిరపడిపోయింది: లఘుచిత్రమంటే పెద్ద సినిమాకు దరఖాస్తు. అందుకే పది నిమిషాల్లో పాట, ఫైటు, ఫ్లాష్‌బ్యాక్ అన్నీ చూపించాలని తాపత్రయపడతాం. నేనూ అదే పడ్డాను. ఈ మాట నాకు బాధగానే ఉంది, అయినా చెప్పాలి.

తొమ్మిది ఉత్తరాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. చాలా సినిమాలు వచ్చాయి, మీ శ్రమకు ధన్యవాదాలు, ఈసారి చేర్చలేకపోతున్నాం. కారణం ఎవరూ చెప్పరు, చెప్పడం వాళ్ళకు కుదరదు కూడా. ఏడో ఉత్తరం తర్వాత మా ఆవిడ, “వాళ్ళు వేటిని తీసుకుంటున్నారో ఒకసారి వెళ్ళి చూసి రావచ్చు కదా” అంది. ఏడాదికి పైగా పంపుతున్నాను కానీ ఒక్క లఘుచిత్రోత్సవమైనా చూసినవాణ్ణి కాను.

2025 ఆగస్టులో గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కేరళ చలచ్చిత్ర అకాడమీ 2008 నుంచి డాక్యుమెంటరీలకు, లఘుచిత్రాలకు ప్రత్యేకంగా తిరువనంతపురంలో అంతర్జాతీయ ఉత్సవం జరుపుతోంది. నేను వెళ్ళింది 17వ ఉత్సవానికి. తంపానూరులో రైలు దిగితే నడిచివెళ్ళే దూరంలోనే కైరళి, శ్రీ, నిళ థియేటర్లు. డెలిగేట్ పాసు మెడలో వేసుకుని ఆరు రోజులు ఆ మూడు తెరల మధ్యే తిరిగాను. లఘుచిత్రానికి అంతమంది జనం వస్తారని నేను ఊహించలేదు. కాలేజీ పిల్లలు, రిటైరైన ఉద్యోగులు, సంచిలో టిఫిను డబ్బా పెట్టుకుని వచ్చిన అమ్మలు. సీట్లు నిండితే మెట్ల మీద కూర్చుంటారు. సినిమా అయ్యాక బయట టీ దగ్గర దాని గురించే వాదించుకుంటారు.

మూడో రోజు సాయంత్రం బహుమతులు అందుకున్న చిత్రాలు వరసగా వేస్తుంటే ఆలస్యంగా వెళ్ళాను. మొదటి వరుసలో ఒక చివర, తెరకు మరీ దగ్గరగా చోటు దొరికింది. అక్కడి నుంచి సబ్‌టైటిల్స్ చదవాలంటే తల కిందికి, మనిషి ముఖం చూడాలంటే తల పైకి. రెండూ కుదరక రెండో సినిమాకు చదవడం మానేశాను. అందులో ఒకావిడ వంటింట్లో బల్ల మీద రెండు గ్లాసులు పెడుతుంది. ఒక క్షణం ఆగి ఒకటి తీసి మళ్ళీ అరలో పెడుతుంది. ఇంట్లో ఎవరో లేకుండా పోయారని, అది ఈమధ్యే జరిగిందని, ఆమె చేతికి ఇంకా ఆ సంగతి తెలియలేదని నాకు అర్థమైంది. ఒక్క మాట చదవలేదు. అది ఏ భాషో కూడా ముందుగా చూసుకోలేదు.

నా సినిమా గుర్తొచ్చింది. చెప్పుల మాట తెలుగువాళ్ళకు ఎలా అర్థమవుతుంది? ఎందుకంటే తడి నేల, వట్టి కాళ్ళు, స్టార్టరు అనగానే మన ఒంట్లోనే ఒక భయం ఉంది. మరి ఆ భయం లేనివాడికి? కాలేజీలో ఇంగ్లిషు చెప్పే మా స్నేహితుడు ఆ ఒక్క మాటకు రెండు నిండు వరుసల సబ్‌టైటిల్ రాసిచ్చాడు. షాకు కొట్టకుండా కాపాడే రబ్బరు చెప్పులు వేసుకున్నావా అన్న అర్థం వచ్చేలా. అది చదువుతున్నంతసేపూ ప్రేక్షకుడు మామయ్య కాళ్ళను చూడడు. 23 నిమిషాల సినిమాలో మామయ్య కాళ్ళు తెర మీద ఉన్నది మొత్తం తొమ్మిది సెకన్లు. ఆ రాత్రి లాడ్జిలో లాప్‌టాప్ తెరిచి లెక్కపెట్టాను. వేణువు ఆరు నిమిషాలు, డ్రోను రెండు నిమిషాల పది సెకన్లు, చెప్పులు తొమ్మిది సెకన్లు. నాకు నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చాక పాత బహుమతి చిత్రాలు వెతికి చూడటం మొదలుపెట్టాను. అన్నిటికంటే నాకు పాఠం చెప్పింది డచ్ దర్శకుడు బెర్ట్ హాన్‌స్ట్రా 1958లో తీసిన ‘గ్లాస్’. సుమారు పదకొండు నిమిషాలు, మాటలే లేవు. బెర్లిన్ ఉత్సవంలో వెండి ఎలుగుబంటి (సిల్వర్ బేర్) బహుమతి, తర్వాత ఆస్కార్ అందుకుంది. గాజు కర్మాగారంలో మనుషులు గొట్టాలతో గాలి ఊది గాజు సామాను చేస్తుంటారు. పక్కన యంత్రం సీసాలు చేస్తుంటుంది. ఒక సీసా మెడ విరిగి అక్కడే ఇరుక్కుంటుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. వెనక వచ్చే ప్రతి సీసా దానికి తగిలి పగులుతూనే ఉంటుంది, చివరికి ఒక మనిషి చెయ్యి వచ్చి తీసేదాకా. యంత్రం గురించి, మనిషి గురించి అందులో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఆ చెయ్యి రావడమే ఆ సినిమా మొత్తం. నేను దాన్ని పదిసార్లకు పైగా చూశాను, షాట్లు కాగితం మీద రాసుకుంటూ.

చిన్నదైతేనే మంచిదని కాదు. అల్బేర్ లామొరీస్ తీసిన ‘ద రెడ్ బెలూన్’ 34 నిమిషాలు ఉంటుంది. 1956లో కాన్‌లో లఘుచిత్రాల బహుమతి గెలిచింది, ఆ తర్వాత స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది. ఒక పిల్లవాడు, వాడి వెంటపడే ఎర్ర బుడగ. అందులో ఒక్క నిమిషం కూడా తీయలేం, ఎందుకంటే ఆ బుడగ మీద మనకు మమకారం పెరగడానికి ఆ సమయం అంతా కావాలి. నా సినిమాకు ఎంత కావాలి? చెప్పుల మీద ప్రేక్షకుడికి ధ్యాస నిలవడానికి కావలసినంత. మిగతాది బరువు.

సెప్టెంబరులో మళ్ళీ మొదటి నుంచి ఎడిటింగ్‌కు కూర్చున్నాను. మొదట పాట పోయింది. తర్వాత డ్రోను, వేణువు, పెళ్ళి అప్పు. చివరి నాలుగు వాక్యాలు తీయడానికి చెయ్యి రాలేదు. అవి నిజాలు, అవసరమైన నిజాలు. రెండు రోజులు ఉంచి చూశాను. ఉంచినప్పుడల్లా చనిపోయినాయన మా వీధి మనిషి కాకుండా ఒక లెక్కలో అంకెగా మారుతున్నట్టు అనిపించింది. తీసేశాను.

కష్టమైంది ఏడుపు దగ్గర. మామయ్యకు శవంగా పడుకునే సన్నివేశం ఉంది, అంతకుముందు అప్పు గురించి తలుచుకుని ఒంటరిగా ఏడ్చే సన్నివేశం ఉంది. ఆ ఏడుపు కోసం ఆయన చలిలో మూడు గంటలు కూర్చున్నాడు. నిజంగానే ఏడ్చాడు. కొత్త వెర్షన్ చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

“అల్లుడూ, నా ఏడుపు మొత్తం తీసేశావా?”

“తీసేశాను మామయ్యా. నువ్వు ఏడిస్తే చూసేవాళ్ళు నిన్ను ఓదార్చి ఊరుకుంటారు. నువ్వు ఏడవకపోతే వాళ్ళకు భయం వేస్తుంది.”

ఆయన ఒప్పుకోలేదు. రెండు రోజులు ఫోను తీయలేదు. మూడో రోజు తనే వచ్చి, “ఇంకా ఏమైనా తీయాలా?” అని అడిగాడు.

ఒక షాటు తీయాలి. ఆ షాటు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే సినిమా దాని మీదే నిలబడింది. మామయ్య మొదటిసారి షెడ్డు దగ్గరికి వస్తాడు. మూడు బల్బులూ వెలుగుతున్నాయి. స్టార్టరుకు రెండడుగుల దూరంలో కుడికాలి హవాయి చెప్పు పట్టె ఊడిపోతుంది. కరెంటు ఎంతసేపు ఉంటుందో తెలియదు, ఒక్కో నిమిషం ఒక మడి నీళ్ళు. అయినా ఆయన ఆగుతాడు. ఒంటికాలి మీద నిలబడి, చెప్పు చేతిలోకి తీసుకుని, పట్టె గుండీని బొటనవేలితో రంధ్రంలోకి తోస్తాడు. జారిపోతుంది. మళ్ళీ తోస్తాడు. కాలికి తొడుక్కుని, నేలకు అదిమి చూసుకుని, అప్పుడు స్టార్టరు మీద చెయ్యి వేస్తాడు. మొత్తం నలభై సెకన్లు, కెమెరా కదలదు. నిజమైన రైతు మాత్రమే అంత మామూలుగా చేయగల పని. ఒక్క రాత్రిలో, రెండో టేకులోనే వచ్చింది.

అది పడ్డాక మిగతావన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. నీళ్ళు పారతాయి. మామయ్య గట్టు మీద చెప్పులు విడిచి మడిలోకి దిగుతాడు. బల్బులు ఆరిపోతాయి. బీడీ వెలిగించి కూర్చుంటాడు. ఒక బల్బు వెలుగుతుంది, రెండోది, చాలాసేపటికి మూడోది. ఆయన లేచి షెడ్డువైపు నడుస్తాడు. కెమెరా ఆయన వెంట వెళ్ళదు. గట్టు మీద చెప్పుల దగ్గరే ఉండిపోతుంది. తర్వాత ఒకే ఒక్క షాటు, స్టార్టరు వైపు చెయ్యి. తెర నల్లబడుతుంది. కీచురాళ్ళు. సినిమా 11 నిమిషాలకు వచ్చింది.

అత్తయ్య మాటకు ఇప్పుడు సబ్‌టైటిల్ ఒకటే పదం, ‘చెప్పులు?’ అని. ‘ఏమయ్యా’లో ఉన్న చనువు ఏ భాషలోకీ రాదు, దాన్ని ఆమె గొంతుకే వదిలేశాం.

సాంకేతికంగా ఒక పెద్ద చిక్కు వచ్చింది. పెళ్ళి వీడియోల అలవాటులో సెకనుకు 25 ఫ్రేములతో తీశాను. థియేటర్లో సినిమా వేయడానికి వాడే డిజిటల్ ఫైళ్ళ కట్టను డీసీపీ అంటారు; దానికి ఎక్కడైనా నిక్కచ్చిగా నడిచేది 24. ఒక చోట డీసీపీ చేయించాను. వాళ్ళు ఫ్రేములను అలాగే 24కు దించారు. 11 నిమిషాల సినిమా 27 సెకన్లు పెరిగింది, అత్తయ్య గొంతు బరువెక్కింది, సబ్‌టైటిల్ మాటకంటే ముందే వస్తోంది. అదృష్టవశాత్తు పంపే ముందు గుంటూరులో ఒక థియేటరు తెర మీద ఉదయపు ఆటకు ముందు వేసి చూసుకున్నాను. నిడివి మారకుండా, ధ్వని మళ్ళీ జతపరిచి కొత్తగా చేయించుకోవలసి వచ్చింది. ఎవరైనా లఘుచిత్రం తీసేటట్టయితే మొదటి రోజే కెమెరాలో 24 పెట్టుకోండి.

ఈసారి నాలుగు చోట్లకే పంపాను. రెండు వద్దన్నాయి, ఒకదాని జవాబు ఇంకా రాలేదు, ఒకటి తీసుకుంది. పక్క రాష్ట్రంలో చిన్న ఉత్సవం, తొంభై నిమిషాల ఆటలో ఆరు సినిమాలు. నాది పాతలాగే 23 నిమిషాలు ఉంటే అందులో ఇంకెవరిదో ఒక సినిమాకు చోటు పోయేదని అక్కడ కూర్చున్నాక తెలిసింది.

హాల్లో ఎనభై మంది దాకా ఉన్నారు. నాది నాలుగోది. నేను తెరను చూడలేదు, మనుషులను చూశాను. నా ముందు వరుసలో ఒక నడివయసు ఆవిడ చెప్పులు విడిచి, గచ్చు మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. పట్టె ఊడిన షాటులో ఎవరో చిన్నగా నవ్వారు. పర్వాలేదు, ఆయన్ను ఇష్టపడుతున్నారని అనుకున్నాను. మూడో బల్బు వెలిగింది. మామయ్య లేచాడు. తెర మీద గట్టు, చెప్పులు. హాల్లో కుర్చీల చప్పుడు ఆగిపోయింది. చెయ్యి స్టార్టరు వైపు వెళ్తుండగా ఆ ముందు వరుస ఆవిడ రెండు కాళ్ళూ గచ్చు మీద నుంచి పైకి లాక్కుని కుర్చీలో పెట్టుకుంది.

బహుమతి వేరే సినిమాకు వచ్చింది. తాతా మనవరాలూ బస్సు కోసం ఎదురుచూసే కథ. నేను జ్యూరీలో ఉన్నా దానికే ఇచ్చేవాణ్ణి. రాత్రి బస్టాండు నుంచి మామయ్యకు ఫోను చేసి అంతా చెప్పాను. బహుమతి గురించి ఏమీ అనలేదు. ముందు వరుస ఆవిడ సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

“ఆవిడకు మన భాష వచ్చా అల్లుడూ?”

“రాదు మామయ్యా.”

“మీ అత్తయ్యకు కూడా చెప్పు, ఉండు,” అని ఫోను ఆమెకు ఇచ్చాడు.